నా పేరున్న కంచం

"నీ కంచం సింకులో వేయకమ్మా, పక్కన పెట్టుకో. మళ్ళీ నవనీత అన్నిటితో కలిపి తోమేస్తుంది" అంది మా అత్తగారు పుణ్యవతి, ఆదివారం పొద్దున్నే, నేను వేసిపెట్టిన పెసరట్టు నములుతూ.

ఆ పెసరట్టుకి పప్పు నానబోసింది నేను. రుబ్బింది నేను. ఉల్లిపాయ ముక్కలు చల్లి అరచేత్తో అద్దిందీ నేనే. ఆ చేతికి లేని రోగం నా కంచానికి ఎక్కడినుంచి వచ్చిందని అడగాలని ఏడాదిగా నా నాలుక దురద పెడుతోంది. అడగలేదు. అడిగితే మాటకి మాట, ఆవిడకి బీపీ, చైతన్య మొహం గంటు, చివరికి "నువ్వు కొంచెం సర్దుకోవచ్చు కదా జయా" అని నాకే నీతి. అందుకని పనమ్మాయి నవనీత చేతికి అందకుండా కంచం పట్టుకుని వాష్ ఏరియాలోకి వెళ్ళి, నా సొంత సబ్బుతో, నా సొంత పీచుతో కడుక్కుని, కిటికీ గట్టు మీద విడిగా బోర్లించుకున్నాను.

నాకు హెపటైటిస్ సి ఉందని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పెట్టిన రక్తదాన శిబిరం వల్ల తెలిసింది. టీమంతా ఇస్తోందని నేనూ చేయి చాపాను. వాళ్ళిచ్చిన జ్యూస్ తాగి, సర్టిఫికెట్ పట్టుకుని ఫొటో దిగి, క్యాబ్ ఎక్కి నల్లగండ్లలో ఇంటికి వచ్చేశాను. కొన్నాళ్ళకి ఫోన్ చేసి, ఒకసారి డాక్టర్ని కలవమన్నారు. ఎలా వచ్చిందో ఇన్నేళ్ళ తర్వాత గట్టిగా చెప్పలేం గానీ, కాన్పప్పుడు రక్తం ఎక్కించారు కదా, బహుశా అదే కావచ్చని డాక్టరమ్మ అంది. నీహారికని కన్నప్పుడు నా ఒంట్లో రక్తం ఆగకుండా పోయింది. అప్పుడు ఎవరిదో రక్తం నన్ను బతికించింది. దానితో పాటే ఇదీ వచ్చి, నా లివర్లో చప్పుడు చేయకుండా ఏడేళ్ళు కాపురం పెట్టిందన్నమాట.

చైతన్యకీ, పాపకీ పరీక్షలు చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. ఆ సాయంత్రం కార్లో, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, చైతన్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "పెళ్ళికి ముందేమైనా..." అని ఆగిపోయాడు. ఏమైనా అంటే ఏమిటి అన్నాను. "ఏం లేదులే, డాక్టర్లు అడుగుతారు కదా అని" అన్నాడు. డాక్టరమ్మ అలాంటిదేమీ అడగలేదు. అడిగింది నా మొగుడు. తన కూతుర్ని కంటూ నేను చచ్చి బతికిన సంగతి అతనికి ఆ నిమిషంలో గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. కిటికీ అద్దం దించుకుని, మొహానికి వేడిగాలి కొట్టించుకుంటూ ఇంటికి వచ్చాను.

మూడు నెలలు మాత్రలు మింగాను. తర్వాత చేసిన పరీక్షల్లో వైరస్ లేదని తేలింది. డాక్టరమ్మ మా ఇంటిల్లిపాదినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది: "పూర్తిగా పోయిందండీ. అసలు ఇది కంచాల వల్ల, గ్లాసుల వల్ల, కలిసి తినడం వల్ల వచ్చేది కాదు. ఉన్నప్పుడే రాదు, ఇప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?" అత్తగారు బుద్ధిగా తలూపింది. మామగారు సోమేశ్వరరావు గారు లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టారు. "చాలా మంచి డాక్టరమ్మ, ఎంత ఓపిగ్గా చెప్పిందో!" అని దారి పొడుగునా అత్తగారు మెచ్చుకుంది. ఇంటికొచ్చాక కంచం మాత్రం కిటికీ గట్టు దిగలేదు.

ఆ కంచం సంగతి చెప్పాలి. రోగం బయటపడిన వారంలోనే అత్తగారు మా రోజువారీ సెట్లోంచి ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా తీసుకుని చందానగర్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి, మూడింటి మీదా 'జయంతి' అని చెక్కించుకొచ్చింది. "కలిసిపోకుండా ఉంటాయని. నీ మంచికేనమ్మా" అంది. మాలో స్టీలు సామాను మీద పేరు చెక్కించడం గొప్ప. మా అమ్మ నా పెళ్ళికి కాకినాడలో ఎండలో నిలబడి, బిందెల మీదా గిన్నెల మీదా 'చి. చైతన్య' అని చెక్కించింది. సామాను కొన్నది మా అమ్మ, తోమేది నేను, పేరు అల్లుడిది. అత్తగారు కాపురానికి తెచ్చుకున్న వాటి మీద మామగారి పేరు, గృహప్రవేశానికి వచ్చిన డబ్బాల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ పేర్లన్నీ నా వేళ్ళకి కంఠతా వచ్చేశాయి. వాటిలో నా పేరు ఎక్కడా లేదు. ఈ ఇంట్లో నా పేరున్న మొదటి వస్తువు ఆ కంచం.

రోగం పోయింది గానీ అలసట పోలేదు. ఫుల్ ఛార్జింగ్ చూపించి, మాట్లాడుతుండగానే ఆరిపోయే పాత ఫోనులా ఉంది నా ఒళ్ళు. నిద్ర లేచేసరికే ఎవరో రాత్రంతా నాతో మూటలు మోయించినట్టు ఉంటుంది. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ తర్వాతి మాట ఏమిటో మర్చిపోతాను. కొందరికి ఇలా నెలల తరబడి ఉంటుంది, మీరు చెబుతున్నది నేను నమ్ముతున్నాను అంది డాక్టరమ్మ. ఆ 'నమ్ముతున్నాను' వినగానే ఆవిడ ముందు ఏడ్చేశాను. ఎందుకంటే ఆ మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు. "రిపోర్ట్ నెగటివ్ కదా జయా, ఇంక అంతా నీ మైండ్‌లోనే ఉంది" అని చైతన్య. "మీకు తగ్గిపోయింది కదండీ, ఈ రిలీజ్ మీరే చూసుకోండి, వీకెండ్ సపోర్ట్ కూడా" అని మా మేనేజర్ పార్థసారథి. "మేము బాలింతలుగా కూడా ఇంతసేపు పడుకోలేదమ్మా" అని అత్తగారు. పని దగ్గరికి వచ్చేసరికి నాకు పూర్తిగా తగ్గిపోయింది. కంచం దగ్గరికి వచ్చేసరికి నాకేమీ తగ్గలేదు. ఈ రెండూ ఒకే నోటితో ఎలా అంటారని వాళ్ళకి ఎప్పుడూ అనుమానం రాదు.

వాళ్ళని అనడం ఎందుకు, ఆ భయం నాకూ పట్టుకుంది. కూర తరుగుతూ వేలు తెగితే చాకు వేడినీళ్ళలో మరిగిస్తాను. నీహారిక ఆటలో మోకాలు చెక్కుకుని వస్తే, కట్టు కట్టేముందు నా చేతులు తిప్పి తిప్పి చూసుకుంటాను, ఎక్కడైనా గీత ఉందేమోనని. మొన్న ఆఫీసు ప్యాంట్రీలో మా టీమ్ కుర్రాడు బాలు పొరపాటున నా కప్పులో కాఫీ పోసుకుని తాగుతుంటే, పరుగున వెళ్ళి లాక్కున్నాను. కాఫీ అతని చొక్కా మీద పడింది. "అక్కా, ఏమైంది? కప్పే కదా!" అని తెల్లబోయాడు. నేను వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని, గుండె దడ తగ్గేదాకా కూర్చున్నాను. వైరస్‌ని మాత్రలు చంపాయి. ఈ దడని మాత్రం ఇంట్లో రోజూ మూడు పూటలా నాకు వడ్డిస్తున్నారు.

అయినా ఓర్చుకునేదాన్నేమో. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది మాత్రం నా వల్ల కాలేదు.

ముద్దపప్పు, కొత్తావకాయ, నెయ్యి. నీహారికకి నా చేతి ముద్దంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. వైద్యం జరిగినన్నాళ్ళూ నేనే పెట్టలేదు. ఇప్పుడు తగ్గిందిగా అని, నా కంచంలో కలిపి, కారం తక్కువగా చిన్న ముద్ద చేసి చేయి చాపాను. అది రెండు చేతులతో నోరు మూసుకుని కుర్చీలో వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. అది జబ్బు కంచం. నాయనమ్మ చెప్పింది."

మామగారు టీవీ సౌండ్ పెంచారు. చైతన్య "చిన్నపిల్ల, వదిలేయ్ జయా" అన్నాడు.

"నేనేం కాని మాట చెప్పానమ్మా, ముందు జాగ్రత్త" అంది అత్తగారు, ఇంకాస్త నెయ్యి వేసుకుంటూ.

ఆ ముద్ద నేనే తిన్నాను. నాకు కంచం విడిగా పెట్టినా పడ్డాను, మొగుడు అనుమానంగా అడిగినా పడ్డాను. నా కడుపున పుట్టింది నా చేతిని చూసి భయపడుతుంటే పడను. ఈరోజు ముద్ద వద్దంది. రేపు నా పక్కలో పడుకోనంటుంది. పెద్దయ్యాక దానికి అమ్మంటే ముట్టుకోకూడని మనిషనే గుర్తుంటుంది. అంతకంటే ఆ రోగంతో పోయినా బాగుండేది.

శనివారం అత్తమామలు మూసాపేటలో చుట్టాలింటికి వెళ్ళారు. చైతన్య పాపని ఈతకి తీసుకెళ్ళాడు. నేను వంటింట్లో ఉన్న కంచాలు, గ్లాసులు, చెంచాలు, వడ్డించే గిన్నెలు, గరిటెలు, మామగారు మందులేసుకునే చిన్న గ్లాసుతో సహా సంచుల్లో సర్దాను. దేవుడి సామాను జోలికి పోలేదు. ఆయనతో నాకు గొడవ లేదు. నవనీత సంచులు కిందిదాకా మోసి ఆటోలో పెట్టింది.

"ఏందక్కా, సామానంత అమ్ముతున్నరా ఏంది?"

"లేదు. పేర్లు రాయించడానికి."

"గిప్పుడా!" అని నోరు తెరిచి చూస్తూ నిలబడింది.

కొట్టులో పేర్లు చెక్కే నరేందర్ నా కంచం తిప్పి చూసి నవ్వాడు. "గిది నేను రాసిందే. పెద్దమ్మ వచ్చింది. మరి మిగిలినవాటి మీద ఎవరెవరి పేర్లు మేడం?"

"అన్నిటి మీదా అదే పేరు. ఇలాగే, ఇంతే సైజులో."

"పంచుతున్నరా? ఫంక్షన్ గిట్ల ఉన్నదా?"

"ఇంట్లో తినడానికే."

అతను మెషీన్ ఆన్ చేయబోయి ఆగాడు. "ఇంట్ల తినేటివైతే గిట్లెందుకు మేడం? అన్నీ ఒక్క తీరుగుంటే ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తది?"

"తెలియకూడదనే రాయిస్తున్నా."

నా మొహం చూసి, "జర కూసోండ్రి, టైమ్ పడ్తది" అని స్టూలు జరిపాడు. వడ్డించే గిన్నెల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తలెత్తాడు. "వీటి మీద చైతన్య అని ఉన్నది. గది చెరపాల్నా?"

"వద్దు, ఉండనీ. దాని పక్కన రాయి. కొంచెం పెద్దగా."

మెషీన్ గుయ్యిమంటుంటే గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళంతా నొప్పులు. ఇంత దూరం రావడమే ఎక్కువైంది నాకు. కానీ ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంటికొచ్చి అన్నీ కడిగి, నా కంచాన్ని మిగిలిన వాటి మధ్యలో ఎక్కడో దూర్చి, స్టాండులో సర్దేశాను. ఏది పాతదో ఇప్పుడు నాకే తెలియదు. అవి ముందే ఎవరి కంటా పడకుండా, ఆ రాత్రికీ మర్నాడు పొద్దుటికీ హోటల్ నుంచి డబ్బాల్లో టిఫిన్లు తెప్పించాను.

ఆదివారం మళ్ళీ ముద్దపప్పే వండాను. కంచాలు టేబుల్ మీద బోర్లించి అందరినీ పిలిచాను. ముందు నీహారిక వచ్చింది. తెలుగు అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటోంది, ఎక్కడ కనబడినా చదవకుండా వదలదు.

"జ... యం... తి. అమ్మా, నీ పేరు!" పక్కదానికి జరిగింది. "దీని మీదా నువ్వే! నాయనమ్మా, నీ కంచం మీద కూడా అమ్మ పేరుంది! తాతయ్య గ్లాసు మీద కూడా!"

అత్తగారు ఒక్కో కంచం తిప్పి చూసింది. మొహం ఎర్రబడింది. "ఇదేం పనమ్మా? వీటిల్లో నీ కంచం ఏది?"

"అన్నీ నావే అత్తయ్యా."

"చూశావా చైతూ, చూశావా నీ పెళ్ళాం..."

"జయా, పిచ్చా నీకు?" అన్నాడు చైతన్య. తర్వాత గొంతు తగ్గించి, "సరే, అమ్మకి కొత్తవి కొందాం" అన్నాడు.

"కొనండి. వాటి మీదా రాయిస్తాను."

మామగారికి షుగరు, వేళకి పడకపోతే చేతులు వణుకుతాయి. ఆయన నెమ్మదిగా కుర్చీ లాక్కుని, ఒక కంచం ముందుకు జరుపుకుని, ఎవరి వంకా చూడకుండా, "పప్పు చల్లారిపోతోంది" అన్నారు. వడ్డించుకున్నారు కూడా. అత్తగారు ఆయన్ని చూసిన చూపుకి ఇంకొకరైతే లేచిపోయేవాళ్ళు.

నేను కూర్చుని నా ముందున్న కంచంలో అన్నం కలిపాను. ముద్ద చేసి చేయి చాపాను. నీహారిక నాయనమ్మ వంక చూసింది, తాతయ్య కంచం చూసింది, తన కంచం మళ్ళీ తిప్పి చూసుకుంది.

"నా దాని మీద కూడా అమ్మేగా" అని నోరు తెరిచింది.

దాని పళ్ళు నా వేళ్ళకి తగిలాయి. గబుక్కున లాక్కోబోయి ఆగాను. దడగానే ఉంది. ఉండనీ. దడతోనే ఇంకో ముద్ద కలిపాను. దానికి పెట్టి, నేను తిని, నా కంచం సింకులో, అవును, సింకులోనే కడిగి, స్టాండులో పెట్టాను.

"నవనీత ఇవాళ రానంది. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోండి" అన్నాను. "నాకు అలసటగా ఉంది. పడుకుంటాను."

గదిలోకి వెళ్ళి నడుం వాల్చాను. చాలాసేపు హాల్లోంచి గొణుగుళ్ళు వినిపించాయి. తర్వాత ఒక కుర్చీ జరిగింది, గరిటె గిన్నెకి తగిలింది. ఆ తర్వాత ఎప్పటికో అత్తగారి గొంతు వినబడింది, "ఒరే చైతూ, తోమే పీచు ఎక్కడుందిరా?"

చైతన్యకి తెలియదు. నీహారిక చెప్పింది.

"వాష్ ఏరియాలో అమ్మ పీచుంది నాయనమ్మా. అమ్మ సబ్బు కూడా అక్కడే ఉంది, తీసుకో."

పంపు తిప్పిన చప్పుడు వినబడింది. నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.