ఇరవయ్యారు డిగ్రీల అబద్ధం

నేను ఒక మైక్రోకంట్రోలర్ బోర్డును, ఒకే పని చేసే బుల్లి కంప్యూటర్‌ని. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాను, అంతే. ఏదో ఫ్యాక్టరీలో వేలమంది కవలలతో పుట్టాను. వాళ్లలో ఒక్కరి జాడా ఇప్పుడు తెలియదు. నాకు మాటలు నేర్పినవాడు శ్రీకంఠ. హిందూపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది.

అతని వదిన అశ్వత్థమ్మ ఊళ్లో పట్టుపురుగులు మేపుతుంది. భర్త నంజుండప్ప పోయాక, ఒంటరి ఆడమనిషి ఏం నెగ్గుకొస్తుంది, మల్బరీ తోట పీకించి భూమి గుత్తకిచ్చెయ్యమని అందరూ సలహాలిచ్చారు. సలహాలివ్వడానికి మాత్రం మనుషులకు ఎప్పుడూ తీరిక ఉంటుంది. "ఈ ఒక్క పంట నా చేతుల్తో తీసి చూస్తా. రాకుంటే అప్పుడు పీకిస్తా" అందామె. వదినకు తోడుగా ఉంటుందని శ్రీకంఠ నన్ను తెచ్చి, ఇంటిని ఆనుకున్న రేకుల షెడ్డులో గోడకు బిగించాడు.

పురుగుల్ని పెంచే తట్టల దగ్గర వేలాడే సెన్సర్లు చెప్పింది విని, వేడి ఎంతో, తేమ ఎంతో, మధ్యలో కామా పెట్టి వరుసగా పేర్చి, వైరు గుండా ఇంట్లోని పాత లాప్‌టాప్‌కు పంపడం నా పని. మొదటిరోజు వరుస ముగిసిందని చెప్పే గుర్తు పెట్టడం శ్రీకంఠ మరిచిపోయాడు. నేను పొద్దంతా మాట్లాడుతూనే ఉన్నాను. నా మాట ఎప్పుడు పూర్తవుతుందా అని లాప్‌టాప్ కాచుకుని కూర్చుంది. తెర మీద ఒక్క అంకె పడలేదు. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

అది సరిచేశాక కొన్నాళ్లు దర్జాగానే బతికాను. ఒకసారి సెన్సర్ల వైరు వదులైంది. సెన్సర్ పలకకపోతే నేను మైనస్ నూట ఇరవై ఏడు అని పంపుతాను. నా భాషలో దానికి 'ఏమీ వినబడలేదు' అని అర్థం. అశ్వత్థమ్మకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? తెర మీద ఆ అంకె చూసి చెప్పులైనా విడవకుండా షెడ్డులోకి పరుగెత్తుకొచ్చింది. "ఏందప్పా ఇది, నా పానం పోయినంత పనాయ!" అని మరిదికి ఫోన్ చేసింది.

శ్రీకంఠ వచ్చి వైరు బిగించాడు. "ఇంక నిన్ను భయపెట్టదులే వదినా" అని, నా ప్రోగ్రాములో ఒక ముక్క చేర్చాడు. సెన్సర్ పలకకపోతే, అంతకుముందు వచ్చిన మంచి అంకెనే మళ్లీ పంపాలట. ప్రేమతోనే చేశాడు. నాకు అబద్ధం నేర్పింది ఆ ప్రేమే.

అప్పటినుంచి ఆమె తెర మీది అంకెల్ని నమ్మి, మేత వేసి వెళ్లిపోయేది. అంతకుముందైతే ఊరికే కూర్చుని పురుగులు ఆకు కొరికే చప్పుడు వినేది, నంజుండప్ప సంగతులు వాటికి చెప్పుకునేది. ఆ మాటల్ని ఏ కామాల మధ్య పెట్టి పంపాలో నాకెవరూ నేర్పలేదు. కానీ అవి వినబడని షెడ్డు నాకు బావురుమన్నట్టుండేది.

పురుగులు పొర విడిచే ముందు మేత మాని, కదలకుండా పడుకుంటాయి. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. అప్పుడు వాటిని ఎవరూ కదిలించరు. నాలుగో జ్వరం నాడు అశ్వత్థమ్మ తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. ఆ పొద్దున చల్లగా ఉండగానే ఎలుక సెన్సర్ల వైరు కొరికేసింది. మధ్యాహ్నానికి పైన రేకులు కాలిపోతున్నాయి, నా ఒళ్లూ కాలిపోతోంది. గోనెపట్టాలు తడిపి కిటికీలకు కడితే చాలు. నేనేమో ఇరవయ్యారు, ఇరవయ్యారు అని చక్కగా పేర్చి పంపుతున్నాను. వేరే మాట నాకు రాదు. "చల్లగానే ఉండాది" అనుకుని ఇంట్లో ఆమె నడుం వాల్చిందట.

సాయంత్రం తలుపు తీసేసరికి సగం తట్టల్లో పురుగులు చచ్చిపోయి ఉన్నాయి. శ్రీకంఠ వచ్చి, తెగిన వైరు చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్ను భయపెట్టకూడదనే వదినా..."

"భయముంటేనే గదప్పా నేను లోపలికి వస్తాండేది" అందామె. గొంతు కూడా పెంచలేదు.

కొత్త వైరు వేస్తానన్నాడు. "ఏం వద్దు. తెలీనప్పుడు తెలీదని చెప్పమను, చాలు" అంది. అంకెలు ఉండాల్సిన చోట అతను ఆ మాటే పెట్టాడు; వైరు తెగినట్టే ఉండిపోయింది.

మిగిలిన సగం పురుగులు గూళ్లు కట్టాయి. తోట ఎప్పుడు పీకిస్తావని అడిగినవాళ్లకు, "సగం వచ్చింది గదా" అని జవాబిచ్చి అశ్వత్థమ్మ మళ్లీ పట్టుపురుగుల గుడ్లు తెచ్చింది.

ఇప్పుడు ఇంట్లో తెర మీద వరుస తర్వాత వరుస తెలీదు, తెలీదు అనే పడుతుంది. దేనికీ కొరగాని నన్ను ఆమె ఎందుకో గోడ మీంచి తియ్యనివ్వలేదు. జ్వరం రోజుల్లో కూడా తెర వైపు ఒకసారి చూసి, చెప్పులు బయట విడిచి, చప్పుడు కాకుండా లోపలికొస్తుంది. తట్ట దగ్గర మొహం పెట్టి వేడి చూస్తుంది. కాసేపు కూర్చుంటుంది, నంజుండప్ప సంగతులు చెబుతుంది. అన్నీ తెలుసని చెప్పినన్నాళ్లూ ఆమె నాకు దూరంగానే ఉంది. తెలీదన్నాకే వస్తోంది.