అగస్టస్ గారి సెలవు

ఆగస్టు పదిహేను మధ్యాహ్నం, రోమ్‌లో, ఎర్సీలియా చెత్తసంచి మెట్ల మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు దభీమని మూసుకుంది. తాళంచెవి లోపల. పొయ్యి మీద కోడికూర లోపల. నైటీతో ఆమె బయట.

భవనంలో జనమంతా సెలవులకి సముద్రానికి పోయారు. మిగిలింది పక్కవాటా నజ్జరేనో ఒక్కడే, ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఎర్సీలియా భర్త పోయిన రోజు ఈయన రేడియోలో ఫుట్‌బాల్ మ్యాచ్ మోగించాడని, అప్పట్నుంచీ ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు మాడువాసన వచ్చేదాకా పౌరుషంగా నిలబడింది. వచ్చాక ఆయన తలుపు కొట్టింది.

నజ్జరేనో తాళాలు తీసేవాడికి ఫోన్ చేసి ఆమె చేతికిచ్చాడు. అవతల అలల చప్పుడు.

"ఇవాళ ఫెర్రాగోస్తో అమ్మా. సెలవు."

"కూర మాడుతోందయ్యా! ఎవడు పెట్టాడు ఈ సెలవు?"

"అగస్టస్ చక్రవర్తి."

"ఆయన పోయి రెండువేల ఏళ్లయింది!"

"అందుకేనమ్మా, రద్దు చేసే దిక్కు లేదు," అని ఫోన్ పెట్టేశాడు.

నజ్జరేనో చెప్పులు విడిచి, తన బాల్కనీ గోడెక్కాడు. ఆమె బాల్కనీ అక్కడికి ఒక్క అంగ దూరం. కింద మూడంతస్తుల గాలి.

"పడిపోతారండీ!"

"పడితే పూడ్చేవాళ్లకీ సెలవే. రేపు చూసుకుంటారులెండి," అని అవతలికి దూకాడు.

ఆమె పరుగున తన గుమ్మం దగ్గరికొచ్చింది. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. చివరికి నజ్జరేనో ఏదో నములుతూ తలుపు తీశాడు.

"అడుగంటింది. పైన బానే ఉంది."

తినకుండా పంపితే బాగుండదని కూర్చోమంది. సగం తిన్నాక, పళ్లెంలోకి చూస్తూ ఆయనే అన్నాడు:

"ఆ రేడియో మీ ఆయనే పెట్టమన్నాడండీ. ముందురోజు. మంచం మీంచి వినబడేలా గోడకి ఆనించి పెట్టమన్నాడు. పోయాడని నాకెవరూ చెప్పలేదు."

ఎర్సీలియా ఫోర్కు కింద పెట్టింది. గోడకేసి చూసింది.

"ఎవరు గెలిచారు?"

"డ్రా."

ఆమె తలూపి, ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

నెలాఖరుకి ఒళ్లు నల్లబడి తిరిగొచ్చిన ఇరుగుపొరుగు, మెట్ల మీద ఆ ఇద్దరూ కబుర్లు చెప్పుకోవడం చూశారు. చావు లాంటిది వస్తే తప్ప వీళ్లు మాట్లాడుకోరని, భవనంలో ఎవరో పోయారనుకుని, ఎవరని అడిగారు.