మొదట కోడలు, చివర మామగారు

మొదట కోడలు, ఆమె తర్వాత క్రేన్ ఆపరేటర్, అతని పక్కన ప్రయోగశాల నుంచి శిక్షణకు వచ్చిన ఇద్దరు కెమిస్టులు, వారి తర్వాత ఊపిరందక మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని వంగిన శిక్షణాధికారి, అందరికంటే చివర, ఆ భారీ మనిషి వెనుక సగం దాగిపోయి, కుంటుకుంటూ వచ్చి గోడకు చేరబడిన తాను, ఇదీ వరుస, సైరన్ మోగితే ఈ గోడ దగ్గరికి ఎవరు ఏ క్రమంలో చేరితే ఆ క్రమంలోనే నిలబడాలి, రేడియేషన్ కొలిచే పరికరం పట్టుకున్న మనిషి ఒక్కొక్కరినీ పరీక్షించి పొమ్మనేదాకా అంగుళం కదలకూడదు, ఈ నియమం పెట్టించినది ఎవరయ్యా అంటే తానే, భద్రతాధికారిగా ఉన్న రోజుల్లో పైవాళ్లతో పోట్లాడి మరీ పెట్టించారు, కనుక ఇప్పుడు నోరు కట్టుకొని నిలబడక తప్పదు, సరే నిలబడతారు, కానీ అందరికంటే మొదట కోడలేమిటి, పక్క కుర్చీలో ముసలి మామగారు కూర్చుని ఉండగా లేడిపిల్లలా దూకి అందరికంటే మొదట చేరడమేమిటి.

ఇది ఉత్తుత్తి సైరనేనండీ, అభ్యాసం, కంగారు పడకండి, కానీ వరుస మాత్రం చెదరకూడదు అని శిక్షణాధికారి రొప్పుతూనే చెబుతున్నాడు, ఉత్తుత్తిదని అతనికి తెలుసు, హాల్లో ఉన్న తక్కినవారికి తెలియదు, తనకు తెలియదు, ఆమెకూ తెలియదు, అదే కదా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటున్నది, నిజమనుకునే వదిలేసి వెళ్లింది, అంతకుముందు క్షణం దాకా ఎంత చక్కగా చెప్పింది, రంగునీళ్లు నింపిన సన్నని పొడవాటి గొట్టాన్ని చేత్తో పట్టుకొని, యురేనియం ద్రావణం ఇలా సన్నగా ఉన్నంతసేపు న్యూట్రాన్లు పక్కలనుంచి బయటికి జారిపోతాయి కాబట్టి మన మాట వింటుంది, ఇదే ద్రావణాన్ని తొందరపడి బాన లాంటి పాత్రలో పోశామా, అవి బయటికి పోయే దారిలేక ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకొని కన్ను మూసి తెరిచేలోగా మన ప్రాణం మీదికి వస్తాయి అని చెబుతూ ఉంటే, ఆ మాటలు తనవే, తన దగ్గర నేర్చినవే అని ఆయన మీసం మెలేసుకున్న మాట వాస్తవం, అప్పుడే సైరన్ కూసింది, చేతికర్ర బల్ల కిందికి దొర్లిపోయింది, మోకాలు మొరాయించింది, ఆయన చెయ్యి చాచారు, ఆమె ఆ చేతిని చూసింది, చూడలేదని అనుకొనే వీలైనా మిగలలేదు, మామయ్యా, లేవండి, రండి అని ఒక్క కేక వేసి వెళ్లిపోయింది.

శిక్షణాధికారి కూడా తనను దాటుకొనే కదా వచ్చాడు, అతని మీద కోపం రాదేం, అతను పరాయివాడు కనుకనా, పరాయివాడైతే నియమం పాటించాలి, ఇంటిమనిషైతే మానాలా, ఛ, ఏమి లెక్క ఇది, ఏయ్ కోడలమ్మా, మామగార్ని అక్కడే పారేసి వచ్చావు, సాయంత్రం ఇంటికెళ్తే లోపలికి రానిస్తారా అని క్రేన్ ఆపరేటర్ ఎగతాళి చేస్తున్నాడు, కెమిస్టులు కిసుక్కుమన్నారు, పొద్దున ఈ శిక్షణాధికారే కదా బతిమాలాడు, ద్రావణాల హాలుకు ఆవిణ్ణి ఇన్‌చార్జిగా వెయ్యొచ్చో లేదో మీ మాటే ఆఖరు సార్ అని, సొంత కోడలయ్యా, నన్నడగడం మర్యాద కాదు అంటే, మీ సంగతి ఎరగనివాళ్లెవరు సార్, సొంతమనిషైతే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువే వేస్తారు అని నవ్వాడు, అడుగుతాడు ఇప్పుడు, ఏం చెప్పాలి, వద్దని ఒక్క మాట అంటే చాలు, ఇన్నేళ్ల ఆమె కష్టం ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకు వద్దన్నారో ఎవరూ అడగరు కూడా, ఆ మాట నాలుక చివరన ఉంది, చేదుగా ఉంది, ఉమ్మివేయడానికీ మింగడానికీ వీల్లేకుండా ఉంది.

ఒకప్పుడు ఒక శిక్షణార్థి, పొడుగాటివాడు, ఇలాంటి అభ్యాసంలోనే జారిపడ్డ స్నేహితుడి కోసం వెనక్కి తిరిగాడు, తాను అతణ్ణి ఫెయిల్ చేశారు, మనసున్నందుకు ఫెయిల్ చేస్తారా సార్ అని వాడు అందరి ముందూ అడిగాడు, ద్రావణం అదుపు తప్పిందంటే మొదటి మెరుపుతో అయిపోదోయ్, అది మళ్లీ మళ్లీ రాగలదు, వెనక్కి తిరిగితే ఒక శవానికి రెండు శవాలవుతాయి, దూరమే మందు, పడినవాణ్ణి తీసుకురావడానికి వేరే మనుషులుంటారు, వాళ్లకు తగిన ఏర్పాట్లుంటాయి అని గద్దించి, ఆ సంగతి ఆ రాత్రే భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకొన్నారు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు గరిటె చేతిలో పట్టుకొని అలాగే నిలబడి, అదే మీరైతేనో మామయ్యా అని అడిగింది, నేనైతే మాత్రం ఏం, నన్నూ వదిలేసి పరుగెత్తాల్సిందే అన్నారు తాను, మీ మామగారికి రాయైనా కరుగుతుందేమో గాని రూలు కరగదమ్మా అని భార్య నవ్వింది, అన్నమాట నిజమే, కానీ అన్నప్పుడు మోకాళ్లు గట్టిగా ఉండేవి, అది భోజనాల బల్ల, ఇది సైరన్.

పరికరం పట్టుకున్న మనిషి ఆమె దగ్గరికి వచ్చాడు, చేతులు పైకెత్తమ్మా అన్నాడు, ఎత్తింది, ఉత్తుత్తిదేనమ్మా, కంగారు పడకు అంటున్నాడు, ఆమె అతని మాట వినిపించుకోకుండా, చివర ఎవరున్నారో కాస్త చూసి చెప్పండి అన్నా అంటోంది, ఆ గొంతు తనకు తెలిసిన గొంతు కాదు, ఎక్కడో లోతులోంచి తోడినట్టుంది, మామయ్య వచ్చారా, వచ్చారా లేదా, అది చెప్పండి ముందు, ఉన్నారమ్మా, కోపంతో సహా ఉన్నారు అన్నాడు క్రేన్ ఆపరేటర్, ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఆమె ఏడుస్తోంది, నిలబడ్డ చోటు విడవకుండా, ఎత్తిన చేతులు దించకుండా, వరుస చెదరనివ్వకుండా ఏడుస్తోంది, అంటే ఇంతసేపూ తాను వచ్చినదీ రానిదీ ఆమెకు తెలియదు, మామగారిని చావుకు వదిలేశానేమో అనుకుంటూనే ఆ గోడ దగ్గర నిలబడి ఉంది, ఆగడం ఎంత తేలిక, చాచిన చెయ్యి పట్టుకోవడం ఎంత తేలిక, అందరూ మెచ్చుకునేవారు, తానే ముందు మెచ్చుకునేవారు, అది నిజం సైరనై ఉంటే ఆ చెయ్యి ఆమెను తనతోపాటు పట్టి ఉంచేది, నియమం తప్పినది ఆమె కాదు, చాచకూడని చెయ్యి చాచినది తాను.

ఆ ఎరుకతో ఆయన మనసు కుదుటపడింది, ఒక్కొక్కరినీ దాటుకుంటూ పరికరం తన వద్దకు వచ్చేదాకా, తన పరీక్షా ముగిసేదాకా ఓపిక పట్టి, గోడ వదిలి నిటారుగా నిలబడి, గొంతు సవరించుకొని ఆయన అన్నారు, అయ్యా శిక్షణాధికారి గారూ, ఇక్కడ హాజరైన వారందరి ఎదుట నేను తెలియజేయునది ఏమనగా, ఈ అభ్యాసంలో తప్పు చేసినది నేను, ఆ తప్పులో పాలు పంచుకోకుండా, నేను చాచిన చెయ్యి పట్టుకోకుండా, ముందుగా వెళ్లి నిలబడినది మా కోడలు, ద్రావణాల హాలు బాధ్యత స్వీకరించడానికి ఆమె సర్వవిధాలా అర్హురాలు, నన్ను వదిలి పరుగెత్తినందుకు ఆమెకు నా కృతజ్ఞతలు.