ఆరో సిలిండర్

సౌదీలోని ఖతీఫ్ సనాయియాలో, అంటే ఊరి చివర మరమ్మతు షెడ్లన్నీ వరుసగా ఉండే చోట, ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడు సుబ్బరామయ్య. రాయచోటి దగ్గర పల్లె. వయసు యాభై ఏడు, మోకాళ్ళ వయసు మాత్రం ఎనభై దాటి ఉంటుంది. ఇంకో రెండు నెలల్లో ఎగ్జిట్ మీద, అంటే వీసా ముగించుకుని, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. షెడ్డు యజమాని అయిన కఫీల్ సంతకం కూడా అయిపోయింది. ఈ రెండు నెలలూ ఆయిలు మార్చుకుంటూ, బెల్టులు బిగించుకుంటూ, పెద్ద పని ఏదీ నెత్తిన పెట్టుకోకుండా గడిపేస్తే చాలనుకున్నాడు. అలా అనుకున్న వారానికే ఆ నల్లకారు ట్రక్కు మీద వచ్చి షెడ్డు ముందు దిగింది.

చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

డెబ్బై రెండో సంవత్సరపు అమెరికా కారు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. పదమూడేళ్ళ కిందట హాజీ మన్సూర్ అనే ఖతీఫ్ పెద్దమనిషి దీన్ని తెచ్చి, "ముహందిస్, దీన్ని బతికించాలి" అన్నాడు. గల్ఫులో స్పానరు పట్టిన ప్రతివాడూ ముహందిసే, అంటే ఇంజనీరే. అందరూ ఆ మాటను వేళాకోళంగా అంటారు. హాజీ మాత్రం నమ్మి అనేవాడు. అదే వచ్చిన చిక్కు. ఇప్పుడు ఆయనకు చక్కెర జబ్బుతో చూపు పోయింది, కారు ఆయన కూతురు ఖాలిదా చేతికొచ్చింది.

ఖాలిదాకి ముప్పై ఏళ్ళు. చమురు కంపెనీలకు పనిచేసే ఒక సంస్థలో పైపుల తనిఖీ ఆమె ఉద్యోగం. పైపు గోడ లోపల ఎంత అరిగిందో పైనుంచే మీటరు పెట్టి చెప్పేస్తుంది. చదువుకునే రోజుల్లో ఇదే కారు వెనక సీట్లో కూర్చుని తండ్రితో షెడ్డుకొచ్చేది. ఆడవాళ్ళు బండి నడపొచ్చని ఉత్తర్వు అమల్లోకి వచ్చిన ఏడాదే లైసెన్సు తీసుకుంది. ఇప్పుడు దీనికి టర్బో పెట్టించి చలికాలంలో ట్రాకు మీద పావు మైలు పరుగెత్తించాలని ఆమె కోరిక. నాన్న గ్యాలరీలో కూర్చుని శబ్దం వింటాడట.

పక్క షెడ్డులో టర్బోలు బిగించే షాబాజ్ సియాల్‌కోట్ మనిషి. అతనప్పుడే వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "మిస్త్రీ జీ, టర్బో మై లగా దూంగా. అందర్ కా సామాన్ తుమ్ దేఖో," అన్నాడు. టర్బో నేను బిగిస్తా, లోపలి సంగతి నువ్వే చూసుకో అని అప్పగింత.

ఖాలిదా ఫోన్లో పెద్ద జాబితా రాసుకొచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత అని అడిగింది. అడిగే పద్ధతి చూస్తే విసుగు పుట్టదు, అందుకే సుబ్బరామయ్య డబ్బా బోర్లించుకుని కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"టర్బో అంటే ఇంజన్ చేత బలవంతంగా ఊపిరి పీల్పించడం. ఇప్పుడున్న పిస్టన్లు పోత పోసినవి, ఆ దెబ్బకు ఆగవు. ఫోర్జుడు పిస్టన్లు, అంటే సాగగొట్టి చేసినవి వెయ్యాలి. కనెక్టింగ్ రాడ్లు కూడా అవే రకం. కంప్రెషన్ తొమ్మిదిన్నర ఉంది, ఎనిమిదికి దించాలి. హెడ్డు బోల్టులు తీసేసి స్టడ్లు, కింద రేకు గాస్కెట్. పెట్రోలు పంపు పెద్దది. ఈ ఎండలకు రేడియేటర్ ఇంకా పెద్దది."

"క్యామ్‌షాఫ్ట్?"

"అది నీ సరదా. అది లేకపోయినా బండి పరిగెడుతుంది. రాడ్లు లేకపోతే పరిగెత్తదు."

"వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఏంటి?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. అయినా నోరు ఆగలేదు. "బ్లాకు. దాంట్లో సిలిండర్ల గోడలు మందంగా లేకపోతే మిగతావన్నీ పైపై సింగారమే."

"అయితే నా మీటరు తెస్తాను. గోడలు కొలవడం నా పనే కదా."

"వద్దులే. నేను కొలుస్తా," అన్నాడు సుబ్బరామయ్య, నేల చూస్తూ.

ఆమె సరేనంది. నాన్న నమ్మిన ముహందిస్ కొలుస్తానన్నాక ఇంకేముంది.

కొలవడానికేమీ లేదని అతనికొక్కడికే తెలుసు. పదమూడేళ్ళ కిందట, ఈద్ పండగకు ముందు రెండు రోజులు నిద్ర లేకుండా నిలబడి, ఇదే బ్లాకుకు సిలిండర్లు కోశాడు, అంటే అరిగిన రంధ్రాలను కాస్త వెడల్పు చేసి సాపు చేశాడు. ఐదు బాగా వచ్చాయి. ఆరో దానికి గేజీ తప్పుగా చదివాడు. చూసుకునేసరికి కత్తి గోడలోకి మరీ లోతుగా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం షెడ్డంతా కునుకు తీస్తుంటే, ఎవరికీ చెప్పకుండా ఆ రంధ్రంలో ఇనప గొట్టం దించి, సాపు చేసి, పక్కవాటితో కలిపేశాడు. గొట్టం చుట్టూ మిగిలిన ఇనుము దోసె అంచంత పల్చన. మామూలుగా నడుపుకుంటే ఇబ్బంది లేదు. ఇన్నేళ్ళూ రాలేదు కూడా.

చెప్పాల్సింది కఫీల్‌కి, హాజీకి. వాళ్ళకు చెప్పకుండా అతను ఇంజన్‌కి చెప్పుకున్నాడు. ఆ షెడ్డులో అప్పట్లో ఒక అలవాటుండేది. ఇంజన్ విప్పినవాడు తర్వాత విప్పేవాడి కోసం, రెండు వరుసల సిలిండర్ల మధ్య పైన మూత పడే లోయలో, చెక్కే పెన్నుతో నాలుగు ముక్కలు తన భాషలో రాసేవాడు. పాకిస్తానీల రాత అరబ్బీ అక్షరాల్లోనే ఉంటుంది, కఫీల్ సగం చదవగలడు కాబట్టి వాళ్ళు జాగ్రత్తగా రాసేవాళ్ళు. తెలుగుకు ఆ బాధ లేదు. తెలుగువాళ్ళు ఆరుగురుండేవారు, గుట్టు ఎంతటిదైనా నిశ్చింతగా చెక్కేవారు. సుబ్బరామయ్య కూడా చెక్కాడు. "ఆరో సిలిండర్ నా చేతిలో పోయింది. గొట్టం దించినా. చుట్టూ పల్చన. మళ్ళా కొయ్యొద్దు, జోరు పెంచొద్దు. సుబ్బరామయ్య." ఆ ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది అతనొక్కడే. తర్వాతివాడికని రాసుకున్నది తిరిగి తనకే వచ్చింది.

మర్నాడు పొద్దున మూత ఎత్తి, గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు. రెండు నిమిషాల పని. రాత చెరిగిపోతుంది, కొత్త పిస్టన్లు పడతాయి, అతను విమానం ఎక్కేస్తాడు. ఇంజన్ పగిలితే చలికాలంలో పగులుతుంది. అప్పటికి సుబ్బరామయ్య ఎవరికీ అందడు. ఈ లెక్కంతా అతను వేసుకున్నాడు, వేసుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. అయినా గ్రైండరు ప్లగ్గు పెట్టాడు.

"ఇదేంటి, ముహందిస్?"

ఖాలిదా వెనకే నిలబడి ఉంది. ఆఫీసు తోవలో ఆగిందట.

"పాత గుర్తులు. మా రాత."

"ఓబా భాషనా?" ఆమె మొహం వెలిగింది. "ఓబా చదువుతుంది, అడుగుతా." వద్దనేలోపు ఫోటో తీసేసింది.

ఓబా అంటే ఓబులమ్మ. లక్కిరెడ్డిపల్లె మనిషి, హాజీ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఖాలిదాను ఎనిమిదో ఏటి నుంచి పెంచింది ఆవిడే. సుబ్బరామయ్య ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఏ పనీ చెయ్యలేదు. గ్రైండరు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు, ఇక దానితో పనేముంది.

మర్నాడు ఖాలిదా సందేశం వచ్చింది. ఓబా చదివిందట. ఈ ఇంజన్ చల్లగా ఉండాలి, నడిపేవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరాలి అని ముహందిస్ తన దేవుడికి మొక్కుకుని రాశాడట. నాన్నకు చెబితే కళ్ళు తుడుచుకున్నాడట. గురువారం వచ్చి పిస్టన్ల కొలత ఖాయం చేసి ఆర్డరు పెట్టేస్తుందట.

సుబ్బరామయ్య ఆ సందేశాన్ని మూడుసార్లు చదివాడు. ఓబులమ్మ తనను కాపాడింది. సొంత జిల్లా మనిషని కడుపులో పెట్టుకుంది. ముందు ఊపిరి తేలికైంది, ఆ వెంటనే హాజీ కళ్ళు తుడుచుకున్న సంగతి గుర్తొచ్చి అన్నం సయించలేదు.

గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖాలిదా వచ్చింది. వెంట ఓబులమ్మ, ఆమె చేతిలో టిఫిన్ క్యారియర్. ఖాలిదా షాబాజ్‌తో మాట్లాడటానికి పక్క షెడ్డుకు వెళ్ళింది. ఓబులమ్మ నీళ్ళ కూలరు పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఉగ్గాని చేసుకొచ్చినా, తిను అన్నా."

"ఓబులమ్మా, నీ రుణం తీర్చుకోలేనమ్మా," అన్నాడు సుబ్బరామయ్య. "ఆ రాత చదివి కూడా గమ్మునుండావు. ఇంగొకరైతే నా పరువు బజారున పడేస్తుండిరి."

ఓబులమ్మ అతని వంక తేరిపార చూసింది. "ఏం రాసినావన్నా దాంట్లో?"

"నువ్వు చదివినావు గదా."

"నాకు సదువు యాడిదన్నా." ఆమె గొంతు తగ్గించింది. "నన్ను పంపిచ్చిన ఏజెంటు సదువొచ్చని రాసినాడంట. బిడ్డకు ఎనిమిదేండ్లు అప్పుడు. ఊరగాయ సీసాకు సుట్టిన తెలుగు పేపరు తెచ్చి సదవమనె. రాదంటే ఇంటికి పంపేస్తారని బయం. పేపరు పట్టుకుని నోటికొచ్చిన కత చెప్పినా. అప్పుట్నించీ రోజూ అదే పని. మా ఓబాకు సదువొచ్చని ఆ పిల్ల అందరికీ చెప్పుకుంటాది. మొన్న ఫోన్లో నీ రాత సూపిస్తే ఏమనాల? మంచి మాట ఏదో ఒగటి అన్నా."

సుబ్బరామయ్య క్యారియర్ పక్కకు పెట్టాడు. సందేశం వచ్చినప్పటి నుంచి మోస్తున్న కృతజ్ఞత ఒక్కసారిగా ఎటూ కాకుండా పోయింది. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆరో సిలిండర్, గొట్టం, దోసె అంచంత ఇనుము, అన్నీ.

"టర్బో పెడితే ఏమైతాది?" అంది ఓబులమ్మ.

"గోడ పగిల్తే నీళ్ళు లోపలికొస్తాయి. రాడ్డు ఇరిగి బయటికొస్తాది. ఆయిలు టైర్ల కింద పడితే, ఆ జోరులో బండి యాడికి పోతాదో చెప్పలేం."

"దాంట్లో కూచునేది ఆ బిడ్డే గదా."

"నేను నిజం చెప్తే నీ సంగతి గూడా బయటపడ్తాది ఓబులమ్మా. ఇరవై రెండేండ్ల మాట. నువ్వు చెప్పొద్దంటే ఇంగోటేదన్నా సాకు చెప్తా. బ్లాకు పాతది అంటా."

"సాకు చెప్తే ఇనదు. మీటరు తెచ్చి కొలుస్తాది, ఇది బాగనే ఉందని ఇంగో మిస్త్రీ కాడికి పోతాది. ఆ పిల్ల మొండితనం నాకు తెలీదా? నేను పెంచిందే." ఓబులమ్మ క్యారియర్ మూత తీసి మళ్ళీ పెట్టింది. "చెప్పెయ్యన్నా. నాకు సదువు రాదని తెలిస్తే తెలుస్తాది. ఏమైతాది ఇప్పుడు."

ఖాలిదా ఫోన్లో పిస్టన్ల పేజీ తెరుచుకుని వచ్చింది. "కొలత చెప్పు, ముహందిస్. ఆర్డరు పెడతా."

సుబ్బరామయ్య లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. వచ్చీరాని అరబ్బీలో, కొంచెం ఇంగ్లీషు కలిపి, ఫోటోలోని రాతను మాట మాటా చదివి అర్థం చెప్పాడు. చివర తన పేరు కూడా చదివాడు. కొలుస్తానని అబద్ధం చెప్పింది, చెరిపేయాలని గ్రైండరు పట్టింది కూడా దాచలేదు.

ఖాలిదా ఫోన్లో పిస్టన్ల పేజీ మూసేసింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"మా ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఈ కారు చూపించి నీ పేరు చెప్పేవాడు," అంది.

"తెలుసు."

ఆమె ఓబులమ్మ వైపు తిరిగింది. "మరి నువ్వు చదివింది?"

"నాకు చదువు రాదు, హబీబ్తీ. ఎప్పుడూ రాదు."

"పేపర్లో కథలు?"

"నేను కల్పించినవే."

"ముసలి కుందేలు కథ కూడానా?"

"అది కూడా."

ఖాలిదా ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత దగ్గరికి వెళ్ళి, జారిన తలగుడ్డ సరిచేసి, తన కారు దాకా వెళ్ళి మీటరు తెచ్చింది. సుబ్బరామయ్య చేత హెడ్డు విప్పించి, ఆరో సిలిండర్ లోపలి గోడకు నాలుగు చోట్ల పెట్టి చూసింది. గొట్టం మందం ఒక్కటే చూపిస్తోంది, దాని వెనక ఇనుము ఉందో లేదో మీటరు చెప్పలేకపోతోంది. ఆ అంకెలు ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు.

"దీనికి టర్బో లేదు," అంది. "ఇది ఉన్నట్టే బిగించు. నాన్న వినే శబ్దం ఇదే. టర్బోకి వేరే బ్లాకు వెతకమని షాబాజ్‌కి చెప్తా. అది దొరికితే నువ్వే కట్టాలి. నేను పక్కన నిలబడి ప్రతి గోడా కొలుస్తాను."

"రెండు నెలలే ఉన్నాను."

"అయితే త్వరగా కట్టు."

సుబ్బరామయ్య మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఇంకో ఇంజన్ అనగానే ఒళ్ళంతా వద్దంటోంది. కానీ కాదనలేదు.

ఖాలిదా బల్ల మీది చెక్కే పెన్ను తీసి అతని ముందు పెట్టింది. "ఆ రాత కింద ఇదే మాట అరబ్బీలో రాయి. తర్వాత ఎవరు విప్పినా చదవగలగాలి."

"నాకు అరబ్బీ రాయడం రాదు."

"అయితే చెప్పు. నేను రాస్తా."

ఆమె వంగి, అతను చెప్పింది చెప్పినట్టు ఇనుము మీద చెక్కింది. సన్నటి పొడి లేచింది. చివరికొచ్చి ఆగింది. "పేరు వదిలేయనా? నాన్నకు కొంచెం బాధ తగ్గుతుంది."

"రాయి. ఇన్నేళ్ళూ ఆయన చెప్పుకున్నది ఆ పేరే కదా."

రాసింది. పెన్ను ఆపి, "ఇది నాన్నకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు," అంది.

సుబ్బరామయ్య చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. గోళ్ళ కింద నలుపు పోలేదు, అది ఎప్పుడూ పోదు. చొక్కా మార్చుకుని, షెడ్డు తలుపు దించి ఆమె కారు దగ్గరికి నడిచాడు.

"పద తల్లీ. నేనే చెప్తా."

ఓబులమ్మ వెనక సీట్లో కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.