నడిపేది ఇంద్రాణి

విష్ణువర్ధన్‌కు కావలసింది ఎత్తుగా, తెల్లగా, ఎదురుగా వస్తుంటే లారీకి తమ్ముడిలా కనబడే బండి. ఇంద్రాణికి కావలసింది బ్రేకు తొక్కితే తిన్నగా ఆగే బండి. దేన్నైనా గుద్దుకుంటే లోపలున్నవాళ్లు బతకాలి, నెలనెలా మెకానిక్కు చుట్టూ తిరగకూడదు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది మాత్రం అయిదు లక్షలే. దానికి మించి ఒక్క రూపాయి కూడా పుట్టే దారి లేదని ఇద్దరికీ తెలుసు.

ముదిగుబ్బలో వాళ్లకు చిన్న శెనక్కాయల మిల్లు ఉంది. ఇంద్రాణి విష్ణువర్ధన్‌కు సొంత మేనమామ కూతురు. పెళ్లికి ముందు బావా అని పిలిచింది, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు. పోయిన ఏడు వేసవిలో ఇద్దరూ ధర్మవరం నుంచి వస్తుండగా వాళ్ల పాత కారు ముందు టైరు పేలి కల్వర్టు గోడను కొట్టింది. ఆ కారులో ఎయిర్ బ్యాగులు లేవు. బెల్టు ఉన్నా విష్ణువర్ధన్ పెట్టుకోలేదు. పెట్టుకున్న ఇంద్రాణికి భుజం మీద కమిలిన చార ఒక్కటే మిగిలింది. అతని కుడి మోకాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్ల తర్వాత చేతికర్ర పట్టుకుని నడవగలిగాడు గానీ, ఆ కాలితో బ్రేకు తొక్కే బలం ఇక రాదని డాక్టరు చెప్పేశాడు.

రెండేళ్లుగా వానల్లేక మిల్లు సగం రోజులు మూతపడే ఉంటోంది. డ్రైవరుకు జీతమిచ్చే పరిస్థితి కాదు. అందుకని ఇంద్రాణి బస్సులో ధర్మవరం పోయి డ్రైవింగు నేర్చుకుంది. మొదట భయంగానే ఉండేది. రెండు వారాలు గడిచేసరికి, డ్రైవింగు స్కూలు కారు దిగాలంటే మనసొప్పేది కాదు. లైసెన్సు చేతికొచ్చాక కారు వెతకడం మొదలైంది.

ఒకరోజు పొద్దున అనంతపురం నుంచి ఓబిలేష్ ఫోన్ చేశాడు. పాత కార్లు కుదిర్చిపెట్టే బ్రోకరు.

"అన్నా, నువ్వు అడిగిన మాదిరి బండే వచ్చిండాది. బెంగళూరులో ఒక డాక్టరు వాడింది. బిరీన రాండి, మద్యాన్నానికి నిలవదు."

బైపాస్ పక్కన రేకుల షెడ్డులో తెల్లబండి నిగనిగలాడుతోంది. విష్ణువర్ధన్ చేతికర్ర గోడకు ఆనించి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏడాదిగా అతని ముఖంలో అంత వెలుగు ఇంద్రాణి చూడలేదు. అది చూసి, పోనీలే, ఇదే కొనేద్దాం అని ఒక్క క్షణం ఆమెకూ అనిపించింది.

"గీత గూడా పల్లేదక్కా దీనికి," అన్నాడు ఓబిలేష్. "ముందర రెండు ఎయిర్ బ్యాగులు ఉండాయి. ఇంగేం కావల్ల?"

ఇంద్రాణి లోపలికెక్కి కూర్చుంది. సెంటు వాసన గుప్పున కొట్టింది. సీటు కవర్లు కొత్తవి. భర్త ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మంచం పక్కన కూర్చుని ఆమె ఫోన్లో కార్ల వీడియోలే చూసింది. పాత కారు కొనేటప్పుడు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడమని ఎవరో చెప్పారు. లాగింది. పైన మూరెడు నున్నగా, నల్లగా వచ్చింది. అడుగున జానెడు మాత్రం బిరుసుగా, బూడిదరంగు మన్ను పట్టి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. వెనక సీటుకు పోయి అక్కడి బెల్టూ లాగింది. అదీ అంతే.

"ఓబిలేషూ, ఇది నీళ్లల్లో మునిగిన బండి."

"ఏం మాటక్కా అది! దుమ్ము పట్టింటాది."

"దుమ్మయితే పైన పడతాది, లోపల చుట్టుకున్న బెల్టుకు ఎట్ల పడతాది? మన దిక్కు దుమ్ము ఎర్రగుంటాది గదా. ఈ మన్ను ఈడిది కాదు."

ఓబిలేష్ తల గోక్కున్నాడు. "ఏమోక్కా, వానలప్పుడు అపార్ట్‌మెంటు కింద కొంచిం నీళ్లు వచ్చినాయంట. వైర్లన్నీ మార్పించినారంటలే."

"ఎయిర్ బ్యాగుల వైర్లు గూడా మార్పించినారా?"

అతను విష్ణువర్ధన్ వైపు తిరిగాడు. "అన్నా, నువ్వన్నా చెప్పన్నా."

 విష్ణువర్ధన్ బానెట్టు మీది చెయ్యి మెల్లగా తీసేసి చేతికర్ర అందుకున్నాడు. తిరుగు బస్సు బత్తలపల్లి దాటాక ఇంద్రాణితో అన్నాడు:

"నలుగురిలో నన్ను ఎర్రోన్ని చేసినావు."

"నిన్నెవురు ఏమన్నారు బావా? బండి మంచిది కాదంటి, అంతే గదా."

"కొంటే ఎత్తు బండే కొనల్ల. లేదంటే ఈ బస్సే గతి."

ఎత్తు బండి పట్టు ఎందుకో తనకు తెలుసనే అనుకుంది ఇంద్రాణి. అతను ఒకసారి మండల పరిషత్తు ఎన్నికల్లో నిలబడి కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. బండి దిగితే నలుగురూ లేచి నిలబడాలన్న ఆశ ఇంకా చావలేదనుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరి మధ్యా అన్నం, మందులు, మిల్లు తాళాలు తప్ప వేరే మాటల్లేవు.

ఆమె మాత్రం వెతకడం ఆపలేదు. ఏ కారును గోడకు గుద్దించి పరీక్షిస్తే లోపలి బొమ్మలు ఎంత దెబ్బ తిన్నాయో, ఏ కారు సామాన్లు అనంతపురంలోనే దొరుకుతాయో చదువుకుంటూ పోయింది. పరీక్షలో మంచి మార్కులు వచ్చిన కార్లలో కొత్తవి అందవు. నాలుగైదేళ్ల పాతవైతే అందుతాయి, కానీ అవన్నీ చిన్నవి. ఒకనాడు ఫోన్లో పామిడి నుంచి ఒక ప్రకటన కనబడింది. ఎర్ర రంగు చిన్న కారు. ఆమె చూసిపెట్టుకున్న రకమే, ఆరు ఎయిర్ బ్యాగులు. కింద రాసి ఉంది: "నేనే నడిపిన కారు. కొనేవాళ్లు వచ్చి నడిపి చూడాలి. బ్రోకర్లు ఫోన్ చేస్తే తిడతాను."

ఇంద్రాణికి నవ్వొచ్చింది. అత్త బయమ్మకు చదివి వినిపించింది. బయమ్మ కొడుకును పిలిచింది.

"పోయి చూసి రాండిరా. చూస్తే దుడ్లు అడుగుతారా?"

"చిన్న బండమ్మా అది. అగ్గిపెట్టె మాదిరుంటాది."

"తోలేది ఇంద్రాణిరా. నువ్వు కూర్చునేటోనివి. కూర్చునేదానికి అంత ఎంచుతావేమి?"

ఆ మాట అతనికి గుచ్చుకుంది. అయినా మరునాడు బయలుదేరాడు.

పామిడిలో కారు యజమాని పేరు నాగలక్ష్మి. అరవై దాటిన మనిషి. బజారులో వాళ్లది బట్టల కొట్టు. భర్త రామకృష్ణయ్య కొట్లోంచే చెయ్యి ఊపి, "కారు సంగతి నాకేం తెలీదప్పా, అంతా ఆమెదే," అన్నాడు.

నాగలక్ష్మి ముందుగా కారు లోపాలన్నీ ఏకరువు పెట్టింది. "ఎండాకాలం ఏసీ అరగంటకు గానీ సల్లబడదు. ఎడమపక్క వెనక అద్దం పైకొచ్చేటప్పుడు కీచుమంటాది. వెనక బంపరు మార్చినా. ఎవురూ గుద్దలేదు, మా గోడకు నేనే గుద్దినా. ఇంజనుకు మాత్రం వంక పెట్టేదానికి లేదు. సర్వీసు ఒక్కటి గూడా తప్పల్యా."

"మరి ఏంటికి అమ్ముతాండావక్కా?" అడిగింది ఇంద్రాణి.

"కంటి వెనక పొర చెడిపోయిందన్నారు. ఇంగ నడపొద్దన్నారు." ఆ ముక్క చెప్పి ఆమె విష్ణువర్ధన్ కాలు వైపు చూసింది. "నీకూ అంతేనా నాయనా?"

"అంతేక్కా," అన్నాడు.

"మానేయల్లంటే శానా కష్టం. అన్నం తినబుద్ధి కాలేదు నాకు ఒక వారం."

అతను తలూపాడు. ఆ కష్టం తనకూ ఉందని అతను ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

ఇంద్రాణి బెల్టులు చివరిదాకా లాగి చూసింది. శుభ్రంగా ఉన్నాయి. నాగలక్ష్మి వెనక కూర్చుంది, విష్ణువర్ధన్ ముందు. పెన్న వంతెన మీద పోతుంటే కింద ఏటి ఇసుక తెల్లగా మెరిసింది. వంతెన దాటాక పల్లె దారిలోకి తిప్పమంది నాగలక్ష్మి. శెనక్కాయ పీకేసిన చేల మధ్య మెలికలు తిరిగే తారురోడ్డు. స్టీరింగు ఎంత తిప్పితే కారు అంతే తిరుగుతోంది. గేరు మార్చినట్టే తెలియడం లేదు. ఇంద్రాణి వెన్ను సీటుకు ఆనింది. చిన్నప్పుడు దిబ్బ మీంచి సైకిలు వదిలేసినప్పటి హాయి ఒంట్లోకి వచ్చింది. తనకు తెలియకుండానే నవ్వుతోంది.

అంతలో కంపచెట్ల వెనక నుంచి గొర్రెల మంద రోడ్డెక్కింది.

ఆమె బ్రేకు బలంగా తొక్కింది. కాలి కింద పెడలు గడగడ వణికింది. కారు అటూ ఇటూ జారకుండా, గీసిన గీత మీద నిలిచినట్టు నిలిచింది. ముందున్న గొర్రెకూ బంపరుకూ మధ్య ఇంకా మనిషి పట్టేంత చోటుంది.

"ఏమ్మా, కండ్లు యాడ పెట్టుకోని తోలుతాండావు?" అని అరుస్తూ కాపరి మందను అదిలించుకుని పోయాడు.

"ఆ వణుకు బ్రేకు పద్ధతే, భయపడాకు," అంది వెనక నుంచి నాగలక్ష్మి.

ఇంద్రాణి పక్కకు చూసింది. విష్ణువర్ధన్ రెండు చేతులతో తలుపు పైనున్న పిడిని పట్టుకుని ఉన్నాడు. ముఖమంతా చెమట. అక్కడ లేని బ్రేకును తొక్కుతున్నట్టు కుడికాలు నేలకు అదిమి ఉంది. గుద్దుకున్న నాటి నుంచి అతను కారు ముందు సీట్లో కూర్చోవడం ఇదే మొదలని ఆమెకు అప్పుడు తట్టింది. అతను తలుపు తీసుకుని దిగి, నాలుగడుగులు నడిచి చేనుగట్టు మీద కూలబడ్డాడు. ఇంద్రాణి వెంట పోయి పక్కన కూర్చుంది. నాగలక్ష్మి కారులోనే ఉండిపోయి, కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకోసాగింది.

"కండ్లు మూస్తే ఆ కల్వర్టు గోడే వస్తాది," అన్నాడు అతను నేలకేసి చూస్తూ. "ఎత్తు బండయితే ఏదొచ్చినా మనకంటే కిందుంటాది గదా, పైన కూర్చుంటే భయముండదు గదా అనుకున్యా."

ఇంద్రాణి అతని వైపు తిరిగింది. "నేను ఊర్లోవాళ్ల కోసమనుకుంటి బావా. నలుగురూ లేచి నిలబడల్లని."

"ఎవురు లేస్తే నాకేమి? లేసి నడిచేదే నాకు గగనమైపాయె."

"ఈ మాట ముందే చెప్పింటే నీతో అన్ని దినాలు మాట్లాడకుండా ఉందునా?"

"ఏమని చెప్పల్ల? మగోన్ని, కారెక్కాలంటే భయమని చెప్పల్లనా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. దాన్ని అలాగే పట్టుకుని అంది: "ఒక పని చేద్దాం. రోడ్డు ఖాళీగుండాది. నేను నడుపుతా. నువ్వు ఆపమంటే ఆపుతా. ఎప్పుడనేది నీ ఇష్టం. ఆగకపోతే ఈ కారొద్దు. ఏ కారూ వద్దు, బస్సులోనే పోదాం."

మళ్లీ కారెక్కారు. మెల్లగా పోతుంటే, "ఆపు," అన్నాడు. ఆగింది. ఇంకొంచెం వేగంగా పోయాక మళ్లీ అన్నాడు. ఆగింది. మూడోసారి అతను ముందు వెనక చూసి, "ఇంగా తోలు," అని, ఆమె నాలుగో గేరు వేశాక, "ఆపు!" అని గట్టిగా అరిచాడు. బెల్టులు ముగ్గురినీ ఒడిసిపట్టాయి. పెడలు వణికి, కారు నిలిచింది. అతని చెయ్యి పిడి మీంచి ఒళ్లోకి దిగింది.

"మళ్లా ఒకసారి," అన్నాడు.

"నాయనా," అంది వెనక నుంచి నాగలక్ష్మి, "కారు నేనింగా అమ్మల్యా. టైర్లు నావే."

విష్ణువర్ధన్ నవ్వేశాడు. ఇంద్రాణికీ నవ్వు ఆగలేదు. ముగ్గురూ రోడ్డు మధ్యలో కారు నిలుపుకుని నవ్వుతుంటే వెనక వచ్చిన మోటారు సైకిలువాడు హారను కొట్టి, తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

ఇంద్రాణి తొందరపడి ఒప్పేసుకోలేదు. నాగలక్ష్మిని అడిగి కారును అనంతపురంలో వర్క్‌షాపుకు తీసుకుపోయి, పైకెత్తించి అడుగంతా చూపించింది. టైర్లు రెండు మార్చాలన్నారు. ఆ మేరకు ధర తగ్గించమంటే, "రోడ్డు మీద అరగదీసింది మీరే గదా," అని గొణిగి మరీ తగ్గించింది నాగలక్ష్మి. ఇంటికి తెచ్చే ముందే కొత్త టైర్లు వేయించారు.

కారు ముదిగుబ్బ చేరిన రోజు బయమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఇంత కిందుండాదేమే! కూర్చుంటే నేల తగులుతాది," అని సణిగింది. ఎదురు మిల్లు ఆదెన్న వచ్చి, "ఏమప్పా విష్ణూ, పెద్దబండి తెస్తానంటివే," అన్నాడు.

"మాకిది సరిపోతాది," అన్నాడు విష్ణువర్ధన్.

భయం ఒక్కరోజులో పోలేదు. ఎదురుగా లారీ వస్తే ఇప్పటికీ అతని కుడికాలు నేలకు అదుముకుంటుంది. అది కనబడినప్పుడల్లా ఇంద్రాణి వేగం తగ్గిస్తుంది. రద్దీ లేని రోడ్డు దొరికిందంటే మాత్రం అతనే, "తోలు, నీకిష్టం గదా," అంటాడు.

తర్వాతి నెలలో బయమ్మ గోరంట్లలో ఉన్న చెల్లెలిని చూడాలంది. ముందు సీటు తనకే కావాలని ముందుగానే ఎక్కి కూర్చుంది. విష్ణువర్ధన్ కాలు బారజాపుకుని వెనక కూర్చున్నాడు. కదిరి దాటాక ఎండ ఎక్కింది. ఏసీ ఇంకా చల్లబడలేదు. వెనక నుంచి సన్నగా గురక వినబడింది.

"నిద్రపోయినాడే," అంది బయమ్మ వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించి.

ఇంద్రాణి అద్దంలో చూసింది. అతని తల పక్కకు వాలి ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది, బెల్టు గుండె మీదుగా సరిగ్గానే ఉంది. రెండు చేతులూ ఒళ్లో వదులుగా పడి ఉన్నాయి.

గోరంట్ల వచ్చేదాకా వాళ్లిద్దరూ గుసగుసలుగానే మాట్లాడుకున్నారు.