డెబ్బై నాలుగో నంబరు

సిద్దిరాములు నిచ్చెనెక్కి, గోడమీది డబ్బాలోంచి కేబుళ్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెడుతున్నాడు. ప్రతి కేబుల్ రెండు కొసలకూ రంగు నూలుపోగు కట్టి ఉంది. నారాయణపేటలో వాళ్లింటి మగ్గం మీద మిగిలిన పోగులవి. రంగును బట్టి అంతస్తు, ముడిని బట్టి కంప్యూటర్. మహబూబ్‌నగర్‌లోని ఆ పెద్ద ఆఫీసులో మూడు వందల కంప్యూటర్లకు ఇదేం మగ్గం బుద్ధి అని అందరూ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, పదకొండేళ్లుగా ఒక్క పోగూ తప్పలేదు.

మూడు రోజుల నుంచే ఈ తంటా. పొద్దున పది కాగానే పింఛన్ల సెక్షన్ కంప్యూటర్ పడిపోతోంది. ఒకే ఐపీ అడ్రస్ రెండు కంప్యూటర్లకు ఉందని తెర మీద వస్తోంది. ఒకే ఇంటి నంబరు రెండిళ్లకు రాసినట్టన్నమాట. ఆ నంబరు డెబ్బై నాలుగు. అడ్డమొచ్చే కంప్యూటర్‌ను సాయంత్రానికల్లా తుక్కులో పడెయ్యమన్నాడు సూపరింటెండెంట్ రాంచందర్. ఆ సాయంత్రంతోనే సిద్దిరాములు కాంట్రాక్టూ అయిపోతుంది.

పోగు లేని కేబుల్ ఒకటి చేతికి తగిలింది. పీకాడు.

"వచ్చింది, వచ్చింది!" అని పింఛన్ల సెక్షన్ నుంచి కేక.

సిద్దిరాములు ఆ కేబుల్ కొస తిప్పి చూశాడు. దాని పోగు విప్పింది తనే. పోయినేడు గుమస్తా అంజయ్య చనిపోతే, ఆయన నంబరు తీసి పింఛన్ల సెక్షన్ కొత్త మిషన్‌కు ఇచ్చాడు. పాత కంప్యూటర్ ఇంకెవరు తెరుస్తారులే అనుకున్నాడు.

కేబుల్ వెంట రికార్డు గదికి వెళ్లాడు. అంజయ్య భార్య రాజమణి అక్కడుంది. భర్త పోయినందుకు ఇచ్చిన అటెండర్ కొలువులో చేరి మూడు రోజులే. తెర మీద అంజయ్య పేరు, కింద పాస్‌వర్డ్ గడి. ఆమె చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఏం జేస్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదన్నా. నాకు గీ మిషన్ సమజ్ కాదు. ఆయన ఒత్తిన బటనే గద. ఒత్తితె పేరొస్తది. జర సేపు చూసి బంద్ చేస్త. దీన్ని తుక్కుల పడేస్తరా?"

సిద్దిరాములుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫికర్ చెయ్యకు. తప్పు నాది. తెగిన పోగును అతకాలె గని, పారేస్తరా?"

కేబుల్ పీకేసి ఊరుకున్నా సరిపోయేది. మనసొప్పలేదు. పింఛన్ల సెక్షన్ మిషన్‌కే కొత్త నంబరిచ్చి, పీకిన కేబుల్ మళ్లీ పెట్టి, రాంచందర్ దగ్గరికి వెళ్లాడు.

"అడ్డమొచ్చింది పింఛన్ల మిషనే సార్. అంజయ్య నంబరు దానికి నేనే ఇచ్చిన. మార్చిన."

"మరి ఆ పాత డబ్బా రికార్డు గదిల ఎందుకయ్యా?"

"అంజయ్య గూడ రికార్డే గద సార్."

రాంచందర్ తుక్కు జాబితాలోంచి ఆ డబ్బాను కొట్టేశాడు. "ఉండనీ," అన్నాడు.

ఐదింటికి సిద్దిరాములు నిచ్చెన గోడకు ఆనించి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా నారాయణపేట బస్సెక్కాడు.

మర్నాడు పదింటికి రాజమణి బటన్ ఒత్తింది. పేరొచ్చింది. పింఛన్ల సెక్షన్‌లో ఎవరూ కేకేయలేదు. దుమ్ము తుడుద్దామని కంప్యూటర్ వెనక్కి వంగితే, కేబుల్‌కు కొత్త ఎర్ర పోగు కనిపించింది, తెగినచోట నేతగాడు వేసే ముడితో.