కోడికున్నపాటి చనువు

ఈర్ష్య అనే గుణం లేని మగవాణ్ణి చూడాలంటే మా కోనసీమలో ఓడలరేవు అనే ఊరు రావాలి. అక్కడ గంగబాబు అని ఒకడున్నాడు. తన వలలో పడాల్సిన చేపలు పక్క పడవలోకి గెంతుతుంటే, "జాగ్రత్తండీ, ముల్లు గుచ్చుకుంటుంది" అని ఆ పడవ వాళ్ళని హెచ్చరించే రకం. అంతటి నిర్మలమైన మనిషి అటు రాజోలు నుంచి ఇటు సముద్రం దాకా ఇంకొకడు లేడని నేను పందెం కాస్తాను.

అతని భార్య కనకదుర్గ. పెళ్ళయి మూడేళ్ళు. రాజోలు దగ్గర గోదారి ఒడ్డు పిల్ల, వలలు అల్లే ఇంట్లో పుట్టింది. కిందటేడు దసరా వెళ్ళాక ఆవిడకి ఏదో అయింది. పొయ్యి మీద ఎసరు పెట్టి అరగంట నవ్వింది. తర్వాత మూడు రోజులు కన్ను మూయలేదు. పక్కింటి ఇందిర గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టిన వారానికి ఫిట్స్ వచ్చాయి. కాకినాడ తీసుకెళ్ళారు.

పెద్ద డాక్టరు వివరంగానే చెప్పాడు. ఒంటికి కాపలా కాయవలసిన శక్తే దారి తప్పి మెదడు మీద పడిందనీ, దాన్ని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అంటారనీ. గంగబాబుకి మొదటి రెండక్షరాలే అందాయి.

"ఆటో ఏదీ గుద్దలేదండీ. ఇంట్లోనే ఉందండి," అన్నాడు.

రెండు నెలలు ఉన్నారక్కడ. అందులో పందొమ్మిది రోజులు దుర్గ గాజు తలుపు అవతల, గొట్టాల మధ్య. మందులు ఎక్కించారు, రక్తం శుభ్రం చేశారు. ఇంటికొచ్చేసరికి ప్రాణం దక్కింది, నడక వచ్చింది, వేళ్ళు మాత్రం వణికేవి. పోయింది చివరి నాలుగేళ్ళు. బడి, రాజోలు సంత, పుట్టింటి గేదె పేరు, అన్నీ ఉన్నాయి. మొగుడు లేడు. పెళ్ళి ఆల్బం చూపిస్తే, ఫొటోలో తన పక్కనున్న మనిషినీ ఎదురుగా కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూసి, "ఆయ్, మీరేనండీ," అని ఒప్పుకుంది.

ఆ రోజు మొదలు. "మీరు తిన్నారాండీ?" "ఆయ్, మందేసుకున్నానండి." అంతకుముందు పదిమందిలో అండీ, గుమ్మం లోపల నువ్వు. ఇప్పుడు లోపలా బయటా ఒకటే. "ఎంత పద్ధతొచ్చిందండీ పిల్లకి," అని ఇందిర మెచ్చుకుంది. గంగబాబు పళ్ళు బిగించి నవ్వాడు.

వారానికి రెండుసార్లు వేళ్ళ వ్యాయామానికి అమలాపురం తీసుకెళ్ళాలి. ఆటో మంగరాజుది. రాజోలు బళ్ళో దుర్గ పక్క బెంచీ వాడు. పెళ్ళి చేసుకుని అత్తవారి ఊరు ఓడలరేవులో స్థిరపడ్డాడు. మొదటి రోజే ఆటో గుంటలో పడింది. వెనక నుంచి దుర్గ గొంతు వినిపించింది.

"ఒరేయ్ మంగరాజూ, అంత గుంట కనిపించట్లేదట్రా నీకు? నువ్వు చిన్నప్పుడు సైకిలూ ఇలాగే తొక్కేవాడివి."

అని పకపకా నవ్వింది. జబ్బు నవ్వించిన నవ్వు కాదు, అసలుది. మూడు నెలల్లో అదే మొదలు.

డ్రైవరు పక్కన కూర్చున్న గంగబాబు తల తిప్పలేదు. ఇక్కడ నా పందెం నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఈర్ష్య లేనివాడన్నానే, అది కొట్టేయండి. కోనసీమలో ఉన్న ఈర్ష్యంతా పోగేసి మూటకడితే ఆ పూట గంగబాబు ఒళ్ళో ఉంది. రోగం పేరులో ఆటో ఎందుకుందో అతనికి అప్పుడు బోధపడిందట.

మంగరాజుతో ఆగినా బాగుండేది. పెరట్లో కోడి గింజల గిన్నెలో కాలు పెడితే, "పోవే, నీకేం పొయ్యేకాలం," అంది దుర్గ. గంగబాబు ఆ కోడిని అరగంట సేపు పగతో చూశాడు. కాకిని నువ్వు. కిటికీ మీద బల్లిని నువ్వు. తనని మీరు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. "నన్ను కూడా నువ్వు అనొచ్చు కదండీ?"

"బాగోదండి," అంది దుర్గ. "మీరు చాలా మంచివారండి. అన్నీ చేస్తున్నారు. కానీ మీరెవరో నాకు ఫొటోలో తెలుసు, లోపల తెలీదండి. తెలీనివారిని నువ్వంటే మా అమ్మ ఊరుకోదు."

భార్య బతికింది కానీ తనకి దక్కలేదని అప్పుడు తెలిసింది గంగబాబుకి. ఇలా అండీ అండీ అంటూనే తన ఇంట్లో చుట్టంలా ముసలిదైపోతుందేమో. ఆ మంట ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కనక, మర్నాడు మంగరాజు మీద చూపించాడు. మా వైపు తగాదా కూడా మర్యాదగానే ఉంటుంది.

"మంగరాజు గారూ, సోమవారం నుంచి మీరు రావద్దండి."

"ఆయ్. ఏవైనా తప్పు చేసేనాండీ?"

"మీ హారను బాగోలేదండి."

"మార్పించేస్తానండి."

"మార్చినా బాగోదండి."

సోమవారం బస్సులో వెళ్ళారు. ఆ వారం, ఆ పై వారం దుర్గ నవ్వలేదు. వ్యాయామం చెయ్యమంటే "రేపండీ" అనేది. నేర్పే అమ్మాయి గంగబాబుని పక్కకి పిలిచి, "వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటున్నాయండీ. ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగింది.

గంగబాబు దుర్గని ఇంట్లో దింపి తిన్నగా ఆటో స్టాండుకి వెళ్ళాడు. అభిమానం అడ్డొచ్చి ముందు రెండు టీలు తాగాడు. చివరికి, "హారను బాగానే ఉందండి, రండి," అన్నాడు.

మంగరాజు నవ్వలేదు. "గంగబాబు గారూ, ఒక మాటంటాను, ఏవనుకోకండి. దుర్గ మిమ్మల్ని అండీ అంటుందని బాధపడుతున్నారు. మరి మీరు దాన్ని ఏవంటున్నారండీ?"

"ఏవంటున్నాను?"

"దిగుతారా అండీ, మెల్లగానండీ, నీళ్ళు తాగుతారా అండీ. నా ఆటోలో విన్నాను కదండీ. ఎదుటివారు మనని అండీ అంటుంటే మనం నువ్వనగలమా? మర్యాదకి మర్యాద ఇస్తోందండి పిల్ల."

నిజమే. ఆసుపత్రిలో నర్సులు అలా పలకరిస్తుంటే విని, గట్టిగా మాట్లాడితే ఆ మెదడు మళ్ళీ బెదురుతుందని భయపడి, గంగబాబే మొదలుపెట్టాడు. మానడం మర్చిపోయాడు.

ఇంటికొచ్చి చూరు కింద నుంచి వల దించి, దుర్గ ఎదుట కూర్చున్నాడు. పడవ ఇంజను దగ్గర తప్ప అతని చేతులు ఎందుకూ పనికిరావు. వల బాగుచెయ్యడం పెళ్ళయ్యాక దుర్గే నేర్పింది, అదీ రాలేదు. తెగిన చోట ముడి వేశాడు. జారింది. "దుర్గా, ఇది చూడవే," అన్నాడు.

దుర్గ తలెత్తింది. రెండో ముడీ జారింది. మూడోది వేస్తుండగా చటుక్కున వల లాక్కుంది. వణికే వేళ్ళతోనే దారం మెలితిప్పి, కింద నుంచి తీసి, బిగించింది.

"కింద నుంచి తియ్యాలని నీకెన్నిసార్లు చెప్పేను?"

అని, తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది.

"చెప్పేనా?"

"చెప్పేవు. చాలాసార్లు."

"ఎప్పుడు?"

"పెళ్ళయిన కొత్తలో. ఇక్కడే."

దుర్గ ఆలోచించింది. "అది గుర్తులేదు," అంది. "నీకు ముడి రాదని గుర్తుంది."

గంగబాబు మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. వల విదిలించినప్పుడు అందులోని ఉప్పునీరు కంట్లో పడింది.

సోమవారం మంగరాజు ఆటో వచ్చింది. దుర్గ వాణ్ణి మళ్ళీ తిట్టింది, మళ్ళీ నవ్వింది. గంగబాబుకి మళ్ళీ కడుపు మండింది. అయితే ఈసారి వెనక సీట్లో కూర్చుని మండాడు.

ఇందులో నేను కల్పించింది ఆ ఉప్పునీరు. జబ్బు మొదలైన దగ్గర్నుంచీ గంగబాబు చేపల వేటకి వెళ్ళనేలేదు. ఆ వల ఆరు నెలలుగా చూరు కింద ఎండుతూనే ఉంది.